పులుసులో నువ్వుల ముద్ద

రాత్రి ఎనిమిది గంటలకు మన హాస్టల్లో గంట మోగుతుంది. పళ్లెం, గ్లాసు పట్టుకొని వరుసలో నిలబడతాం. అన్నం వడ్డిస్తారు. దాని మీద గరిటెడు పులుసు పోస్తారు. ఆ పులుసు అన్నం మీద ఒక్క క్షణమైనా ఆగదు. గట్టు తెగిన కాలువలా పళ్లెం అంచుకు చేరి, అక్కడ మన ముఖాన్ని మనకే చూపిస్తుంది. మేము ఇంటర్‌లో చేరేనాటికే సీనియర్ అన్నలు దానికి 'అద్దం' అని పేరు పెట్టి ఉన్నారు. మేము పీజీకి వచ్చాము, పేరు మాత్రం మారలేదు!

ఆ అద్దాన్ని మళ్లీ పులుసుగా మార్చగల వస్తువు ఒకటుంది. అదే నువ్వుల ముద్ద. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, కవిత్వం మాకు రాదు కాబట్టి దీని గురించి రాస్తామని చెప్పాము. కొందరు నవ్వారు. నవ్వనివ్వండి. మేము అంటే ఒకే గదిలోని నలుగురం. రాసే చెయ్యి ఒకటి, మాటలు నలుగురివి. 'మా ఇల్లు' అన్నచోట రాసే చేతి ఇల్లని అనుకోండి.

మాది జగిత్యాల వైపు పల్లె. అటు జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీటి వసతి ఉన్న పొలాల్లో ఎండాకాలపు నువ్వు చల్లుతారు. ఎనభై, ఎనభై అయిదు రోజుల పంట. జగిత్యాల పరిశోధన స్థానం వారు విడుదల చేసిన 'శ్వేతా తిల్' అనే తెల్ల రకాన్ని మా వైపు రైతులు బాగా ఎరుగుదురు. ఆంధ్ర వైపు ఎలమంచిలి పరిశోధన స్థానం రకాలకు అంత పేరు. మాకు సొంత భూమి లేదు. మా అమ్మ కోతకు కూలికి పోతుంది.

నువ్వు కోత మిగతా పంటల కోత వంటిది కాదు. కాయ పూర్తిగా ఎండేదాకా ఆగితే చెట్టు మీదనే పగిలి గింజ నేల పాలవుతుంది. అందుకని కింది కాయలు పసుపు రంగుకు తిరగగానే కోసి, కట్టలు కట్టి, తలలు పైకి ఉండేట్టు నిలబెడతారు. ఎండిన తర్వాత కట్టను తలకిందులు చేసి పట్టా మీద కర్రతో మెల్లగా కొడితే గింజ జలజలా రాలుతుంది. రెండు మూడు రోజులాగి మళ్లీ దులపాలి. ఆ చివరి దులుపుడులో రాలిన దాంట్లో మట్టీ, ఆకూ, గింజా కలిసి ఉంటాయి. మా అమ్మకు కూలి డబ్బులతో పాటు దాంట్లోంచి కొంత ఇచ్చేవారు. ఏప్రిల్ ఎండలో చేట పట్టుకొని చెరిగి చెరిగి, ఒక కుంచెడు గింజలు ఇంటికి తెచ్చేది. వెయ్యి నువ్వు గింజలు తూచితే సుమారు మూడు గ్రాములు. అంటే కిలోకు మూడు లక్షల పైమాట. ఆ లెక్క మేము ఎం.ఎస్సీ.లో ల్యాబు త్రాసు ముందు కూర్చున్నప్పుడు వేశాము. అమ్మకు చెబితే, "లెక్కపెట్టుకుంట కూసుంటే ఎప్పుడు చెరగాలె?" అన్నది.

ఆ కుంచెడులో సగం కిరాణా కొట్టు బాకీకి పోయేది. మిగిలినదాంట్లో కొంత వేయించి, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లి వేసి దంచి, డాల్డా డబ్బాలో నింపి మా ట్రంకు పెట్టెలో పెట్టేది. నెలకు సరిపోవాలని ఆమె లెక్క. హాస్టల్లో ఆ డబ్బా మూత తీసిన రాత్రి పది చేతులు వచ్చేవి. మూడో రోజుకు డబ్బా అడుగు కనిపించేది. మొదటి సంవత్సరం మేము దాన్ని బట్టల కింద దాచి, దీపాలు ఆర్పిన తర్వాత తిన్నాము కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజం నిజమే. నోట్లో నువ్వు గింజ నానదంటారు, వేయించిన నువ్వుల వాసన కూడా పెట్టెలో దాగదు.

అసలు మన భాషలోనే నువ్వు దాగి ఉంది. నువ్వు, నెయ్యి అనే రెండు మాటలు కలిసి నూనె అయిందని భాషావేత్తలు చెబుతారు. సంస్కృతంలోనూ అంతే: తిల నుంచి వచ్చింది కాబట్టి తైలం. అంటే వేరుశనగ నూనె అన్నా, కొబ్బరి నూనె అన్నా మనం తెలియకుండా నువ్వు పేరే తలుస్తున్నాం. హరప్పా తవ్వకాల్లో మాడిపోయిన నువ్వు గింజలు దొరికాయి. నాలుగు వేల ఏళ్ల కిందట కూడా ఎవరో మాడ్చారన్నమాట. ఈ మాట ఎందుకన్నామో ముందు ముందు తెలుస్తుంది.

ఇక వంట సంగతి. తెలంగాణలో నువ్వుల ముద్ద ముందు గుర్తొచ్చేది పచ్చి పులుసులో. చింతపండు నానబెట్టి పలుచగా పిసికిన రసంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన మిరపకాయ, ఉప్పు, కొత్తిమీర వేసి, వేయించి నూరిన నువ్వులు కలిపి, పైన పోపు పెడతారు. పొయ్యి మీద మరిగించే పనే లేదు. నువ్వు లేకపోతే అది పుల్లని నీళ్లు. నువ్వు పడితే పులుపు మెత్తబడి, రసానికి ఒక ఒళ్లు వస్తుంది. దోసకాయ తొక్కులోనూ, బీరకాయ తొక్కులోనూ అదే పని చేస్తుంది. కూరగాయలో నీరు ఎక్కువ, నువ్వు ఆ నీటిని పట్టుకుంటుంది. హైదరాబాద్ బగారా బైంగన్, మిర్చి కా సాలన్‌లకు నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి వేయించి నూరిన ముద్దే ప్రాణం. పెళ్లి భోజనంలో బిర్యానీ పక్కన సాలన్ చిక్కగా, నూనె తేలుతూ కనిపిస్తుందే, అది ఈ ముద్ద మహిమ. గుత్తి వంకాయలో కూరే కారంలోనూ చాలా ఇళ్లలో నువ్వులుంటాయి. సకినాల్లో, సర్వపిండిలో మాత్రం గింజను గింజగానే వేస్తారు. అది మన విషయం కాదు గానీ, రాస్తుంటే నోరూరి రాశాము.

బతుకమ్మ నాటి నువ్వుల సద్ది మరొకటి. నువ్వుల పొడి కలిపిన ఆ అన్నం రెండో రోజుకు ఇంకా బాగుంటుందని మా నాయనమ్మ అనేది. కోస్తా వైపు మిత్రుడొకడు తెలగపిండి గురించి చెప్పాడు. గానుగలో నూనె తీసిన తర్వాత మిగిలే నువ్వుల పిండి అది. దాన్ని మునగాకుతో కూర వండి బాలింతలకు పెడతారట. మా వైపు తెలికిపిండి అంటే పశువుల దాణా అని మేము నవ్వాము. "మీ బర్రెలు మీకంటే మంచి తిండి తింటున్నాయి" అన్నాడు. మాంసకృత్తుల లెక్క చూస్తే అతడి మాటలో తప్పు లేదు: నూనె పోయాక మిగిలిన పిండిలో వాటి పాలు ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముద్ద పులుసును ఎలా చిక్కబరుస్తుంది? నువ్వు గింజలో దాదాపు సగం నూనె. ఆ నూనె ఒక్కచోట ఉండదు. గింజలోని కణాల్లో అతి చిన్న చుక్కలుగా, ఒక్కొక్క చుక్కా మాంసకృత్తుల పొర కప్పుకొని ఉంటుంది. పచ్చి గింజను నమిలితే నాలుకకు పెద్దగా రుచి తెలియదు. వేయించినప్పుడు గింజలోని తేమ పోయి పెళుసుబారుతుంది. చక్కెరలూ, మాంసకృత్తులూ వేడికి కలిసి ఆ కమ్మటి వాసననిస్తాయి. నూరినప్పుడు కణాల గోడలు పగిలి నూనె బయటికొస్తుంది. అందుకే మిక్సీలో మొదట పొడి అవుతుంది, ఇంకాసేపు తిప్పితే చెమటపట్టినట్టు మెరుస్తుంది, ఆ తర్వాత ముద్దవుతుంది. ఆ ముద్దను నీళ్లలో కలిపితే నూనె చుక్కలు మాంసకృత్తుల సాయంతో నీటిలోనే తేలుతూ నిలబడతాయి. పాలలో వెన్న నిలబడ్డట్టే. పచ్చి పులుసు తెల్లగా పాలవలె మారేది అందుకే. పొట్టు, పిప్పి కూడా నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. సాలన్‌ను ఎక్కువసేపు మరిగిస్తే ఈ కట్టు విడిపోయి నూనె పైకి తేలుతుంది. అప్పుడు వంటవాళ్లు "ఉడికింది, దించండి" అంటారు. పుస్తకం చదవకుండానే!

ఇందులో ఒక చిత్రముంది. మా చిన్నాయన దుబాయిలో పన్నెండేళ్లు పనిచేసి వచ్చాడు. మా వైపు ప్రతి వాడలోనూ గల్ఫ్‌కు పోయిన ఇల్లు ఒకటుంటుంది కాబట్టి ఇది కొత్త సంగతేమీ కాదు. ఒకసారి సూట్‌కేసులో ఒక సీసా తెచ్చాడు. అందులో బూడిద రంగు ముద్ద, పైన వేలు మందం నూనె. 'తహీనీ' అన్నాడు. అరబ్బీలో 'నూరడం' అనే మాట నుంచి వచ్చిన పేరు. అక్కడ ఉడికించిన కాబూలీ శనగలు, ఈ ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి నూరి హమ్మస్ అని రొట్టెతో తింటారు. క్యాంపులో ఉన్నన్నాళ్లు పొద్దున అదే తిని పనికిపోయేవాడట. నాయనమ్మ వేలితో నాకి చూసి, "గిది మన నువ్వుల ముద్దే గదరా, ఇంత దూరం నుంచి మోసుకొచ్చినవా?" అన్నది. ఆమె ఆ ముద్దలో కొద్దిగా నీళ్లు పోసేసరికి అది పలుచబడకుండా సిమెంటులా గట్టిపడింది. చెడిపోయిందని పారబోయబోతే చిన్నాయన ఆపి, ఇంకా నీళ్లు పోసి కలిపాడు. మెత్తగా, తెల్లగా, మీగడలా వచ్చింది. కొద్ది నీరు పడితే నూనెలోని పొడి రేణువులు తడిసి ఒకదానికొకటి అంటుకుంటాయి. నీరు ఇంకా పెరిగితే అవి విడివడి, ఈసారి నూనే నీటిలో చుక్కలవుతుంది. మీరు ముద్ద కలిపేటప్పుడు గట్టిపడితే భయపడకండి, నీళ్లు చాలలేదని అర్థం.

చిన్నాయన తిన్న హమ్మస్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. పప్పుధాన్యాల మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగుంటుంది, మెథియోనిన్ తక్కువ. నువ్వులో దీనికి సరిగ్గా తలకిందులు. రెండూ కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూరిస్తుంది. మనం పప్పుతో అన్నం తింటూ నువ్వుల పొడి నంజుకున్నా జరిగేది అదే.

పోషకాల మాట వచ్చింది కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాము. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టిక ప్రకారం 100 గ్రాముల నువ్వుల్లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 43 గ్రాముల కొవ్వు, 1450 మిల్లీగ్రాముల కాల్షియం, 9 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నాయి. కాల్షియం అంకె చూసి మేమూ ఎగిరి గంతేశాము. కానీ ఒక మనిషి పూటకు తినేది పది గ్రాములు. అంటే 145 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1000. పైగా ఆ కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులో, ఆక్సలేటుతో ముడిపడి ఉంటుంది. దాన్ని ఒళ్లు పూర్తిగా పట్టుకోలేదు. పొట్టు తీసేస్తే కాల్షియం చాలావరకు పొట్టుతోనే పోతుంది. తెల్లగా మెరిసే కడిగిన నువ్వులకు రూపం ఎక్కువ, ఆ విషయంలో బలం తక్కువ. ఇక ఇనుము. "నువ్వులు తింటే రక్తం పడుతుంది" అని అందరూ అంటారు. పది గ్రాముల్లో వచ్చేది ఒక మిల్లీగ్రాముకు తక్కువే. ఆడపిల్లలకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని 2020లో ఇచ్చిన ప్రమాణం. కాబట్టి మీ ఇంట్లో చెల్లెలికి రక్తహీనత ఉంటే నువ్వుండలు పెట్టి ఊరుకోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లి ఇనుము మాత్రలు వేయించండి. నువ్వుండ తర్వాత తినవచ్చు.

ఇక మా ఘనకార్యం. మెస్ కమిటీలో చేరిన సంవత్సరం, ఒక ఆదివారం నువ్వుల ముద్దతో పులుసు చేయిస్తామని వార్డెన్ సారును ఒప్పించాము. వంటక్క ఒప్పుకోలేదు. "నూరు మందికి ఎవరు నూరాలె తమ్మీ? నా చేతులు రెండే" అన్నది. మేమే చేస్తామన్నాము. కిలో నువ్వులు తెచ్చాము. కడిగి, గాలించి, ఇసుక తీసి, ఎండబెట్టాము. అంతవరకు బాగానే ఉంది. పెద్ద ఇనుప కడాయిలో కిలో ఒక్కసారే పోశాము. గింజలు చిటపటలాడుతుంటే సంతోషించాము. రంగు తిరగగానే మంట ఆపాము, కానీ కడాయిలోంచి తీయలేదు. ఇనుము వేడి అంత తొందరగా తగ్గుతుందా? మంట ఆపాక కూడా గింజ వేగుతూనే ఉంది. తిరిగి చూసేసరికి కాఫీపొడి రంగు. అయినా పారేయడానికి మనసొప్పక నూరి పులుసులో కలిపాము. చేదు, చేదు! ఆ రాత్రి పళ్లేలు వరుసగా బకెట్లోకి వంగాయి. ఒక తమ్ముడు మా ముఖం చూసి, "అన్నా, అద్దమే నయం" అన్నాడు. గదికి వచ్చి ఎవరమూ మాట్లాడుకోలేదు. మూడు లక్షల గింజలు. అమ్మ చేట గుర్తొచ్చింది. ఆ సంగతి ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పలేదు, ఇప్పుడు ఈ సంచికలో చదివితే చదవాలి. చదవడం రాదు కాబట్టి మా తమ్ముడు చదివి వినిపిస్తాడు.

రెండోసారికి నెల పట్టింది. వంటక్కే పిలిచి, "ఈసారి నన్ను ముట్టనియ్యండి" అన్నది. పావు కిలో చొప్పున నాలుగు వాయిలుగా, సన్నని మంట మీద, గరిటె ఆపకుండా వేయించింది. రెండు గింజలు నలిపి వాసన చూసి, దోరగా ఉండగానే బట్ట మీద పరిచింది. చల్లారాక ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్‌లోనే చింతపండు రసం కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బాము. అరగంట పని. వేడి గింజను మూత పెట్టకూడదనీ, ఆవిరి పట్టి మెత్తబడితే సరిగా నలగదనీ ఆమె చెప్పింది. ఆ రాత్రి పులుసు అన్నం మీద ఆగింది. బకెట్ సగమే నిండింది. ఎవరూ మెచ్చుకోలేదు గానీ, రెండోసారి గరిటె అడిగారు. హాస్టల్లో అంతకన్నా మెప్పు ఏముంటుంది?

ఆ ఉత్సాహంలో మరో తప్పు చేశాము. పరీక్షల నెలకని మూడు కిలోల పొడి ఒకేసారి కొట్టించి డబ్బాలకెత్తాము. ఇరవై రోజులకు కనరు వాసన మొదలైంది. గింజగా ఉన్నప్పుడు నువ్వు నెలల తరబడి నిలవ ఉంటుంది, నువ్వుల నూనె కూడా అందులోని సెసమాల్ వంటి పదార్థాల వల్ల తొందరగా చెడదు. కానీ పొడి చేస్తే నూనె గాలికి ఎక్కువ తగులుతుంది, మన వంటగది వేడికి ఇంకా త్వరగా పాడవుతుంది. గింజ నిలవ పెట్టుకోండి, వారానికి సరిపడా మాత్రమే నూరండి.

రెండు జాగ్రత్తలు. కింది అంతస్తులో ఒక తమ్ముడికి నువ్వులు తింటే పెదవులు వాచి, ఒంటి నిండా దద్దుర్లు వస్తాయి. అతడికి ముద్ద కలపకముందే పులుసు పక్కకు తీస్తున్నాము. దీన్ని తేలికగా తీసుకోవద్దు. అమెరికాలో 2023 జనవరి నుంచి ఆహార పొట్లాల మీద నువ్వులున్నాయని తప్పనిసరిగా రాయాలని చట్టమే ఉంది. రెండోది, శనివారం నువ్వులు తినమనేవారు, నువ్వులు చేతికి అందుకోమనేవారు మనలో ఉన్నారు. పితృకార్యాలతో ముడిపడిన గింజ కనుక కొందరి భయం కొందరిది. వాదన పెట్టుకోలేదు. ఆదివారం చేస్తున్నాము, గిన్నెలో పెట్టి ఇస్తున్నాము.

ఖర్చు మాట చెప్పకుండా మెస్ కమిటీ మనుషులం ఎలా ఊరుకుంటాం? 2024 చివర్లో తెలంగాణలో డైట్ ఛార్జీలు 40 శాతం పెరిగి, ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1500 నుంచి 2100 రూపాయలయ్యాయి. అంటే రోజుకు 70. మేము కొన్న కొట్టులో కిలో నువ్వులు 250 రూపాయలు. నూరు మందికి తలకు రెండున్నర. వారానికోసారి చేస్తే నెలకు పది రూపాయలు. పులుసు బకెట్లో పోసే ఖర్చు ఎంతో మేము లెక్క వేయలేదు, వేస్తే వార్డెన్ సారు బాధపడతారు.

నూరు మందికి మా కొలతలు ఇవి: నువ్వులు కిలో, చింతపండు ముప్పావు కిలో, ఉల్లిపాయలు మూడు కిలోలు, పచ్చిమిర్చి అరకిలో. చింతపండు పులుపును బట్టి నీళ్లు వంటక్క చూసుకుంటుంది. పాత హాస్టల్ అన్నలు ఎవరైనా తమ కాలంలో ఇంతకన్నా మంచి కొలత వాడి ఉంటే రాసి పంపండి, మెస్ గోడకు అంటిస్తాము.

ప్రస్తుతానికి మెనూ బోర్డులో ఆదివారం గడిలో వార్డెన్ సారు సుద్దముక్కతో 'నువ్వుల పులుసు' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. మొన్న ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి చెబితే, అమ్మ ఈసారి కోతకు పోయిన పొలం పేరు చెప్పి, "మీ హాస్టల్ల ఎంతమంది పిల్లలు బిడ్డా?" అని అడిగింది. నూరు మంది అన్నాము. కాసేపు లోపల లెక్క వేసుకున్నట్టుంది.

"అట్లయితే డబ్బా సాలదు," అన్నది. "వచ్చేటప్పుడు సంచి తెచ్చుకో."